మౌస్ కొనే ముందు టేబుల్ చూడండి

(అనంతపురంలో డీటీపీ ఆపరేటర్లు, అకౌంటెంట్లు, సచివాలయ డిజిటల్ అసిస్టెంట్లు, ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగుల కోసం జరిగిన సమావేశంలో ఒక కంప్యూటర్ హార్డ్‌వేర్ వ్యాపారి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల గోడకి ఆనుకుని నిలబడినవాళ్లు ముందుకి రండప్పా, ఫ్యాన్లన్నీ ఇటువైపే ఉన్నాయి.

నేను కమలానగర్‌లో కంప్యూటర్లు అమ్మి, బాగుచేసి బతికేవాణ్ణి. డాక్టర్ని కాను. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ మధ్య షాపుకి వచ్చేవాళ్లు మౌస్ అడగడం మానేసి మందు అడుగుతున్నారు. "అన్నా, మణికట్టు లాగుతోంది, నొప్పి రాని మౌస్ ఏదైనా ఉంటే ఇవ్వు" అంటారు. డబ్బా మీద ఎర్గోనామిక్, అంటే ఒంటికి అనువైనది, అని రాసి ఉంటే చాలు, ధర కూడా అడగరు. అమ్మేవాడిగా నాకు సంతోషమే. కానీ అట్లా కొన్నవాళ్లలో చాలామంది నెల తిరక్కుండా మళ్లీ వస్తారు, "ఇదీ అట్లాగే ఉందన్నా" అంటూ. మౌస్‌లో లోపం ఉండదు. అది ఉండే చోటులో ఉంటుంది. అందుకే ఈరోజు మౌస్‌ల గురించి మాట్లాడే ముందు కాసేపు టేబుళ్ల గురించి మాట్లాడతాను.

మీ కీబోర్డ్‌ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మామూలు పెద్ద కీబోర్డ్. అక్షరాల మీటలు ఎడమవైపు, తర్వాత బాణాల మీటలు, చివర్లో నంబర్ ప్యాడ్. అక్షరాల మీటలు అయిపోయాక కుడివైపు ఇంకా దాదాపు 14 సెంటీమీటర్ల ప్లాస్టిక్ ఉంటుంది. మనం కూర్చునేది అక్షరాలకి ఎదురుగా. అంటే మన పొట్ట మధ్యగీత నుంచి లెక్కేస్తే మౌస్ 28 సెంటీమీటర్ల అవతల మొదలవుతుంది. మోచేయి ఒంటిని అంటుకుని ఉండాల్సింది పోయి రెక్క విప్పినట్టు బయటికి వెళ్తుంది. భుజం దాన్ని మోస్తూ ఉంటుంది. ముంజేయి లోపలికి తిరిగి ఉంటే, మౌస్‌ని తిన్నగా ముందుకి పట్టుకోవడానికి మణికట్టు చిటికెనవేలి వైపు వంగుతుంది. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా అదే వంపు. ఇప్పుడు మీరు వెయ్యి రూపాయల మౌస్ తీసి పదివేల మౌస్ పెట్టారనుకోండి. చెయ్యి వెళ్లే చోటు మారిందా? మారలేదు.

మౌస్ పుట్టినప్పుడు ఈ గొడవ లేదు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఆయన అమెరికాలో 1964లో మొదటి మౌస్‌ని చెక్కతో చేయించాడు. కింద అడ్డంగా ఒక చక్రం, నిలువుగా ఒక చక్రం, పైన ఒకటే బటన్. 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో వందలమంది ముందు మౌస్‌ని వాడి చూపించాడు. ఆ రోజు ఆయన ముందు మధ్యలో కీబోర్డ్, కుడిచేతి కింద మౌస్, ఎడమచేతి కింద అయిదు మీటల చిన్న పెట్టె ఉన్నాయి. రెండు చేతులకీ పని పంచాడన్నమాట. ఆ అయిదు మీటల పెట్టె కాలంలో కలిసిపోయింది. మౌస్ మిగిలింది. 1980ల మధ్యలో ఐబీఎం 101 మీటల కీబోర్డ్ తెచ్చింది. అక్షరాలకీ నంబర్లకీ మధ్య బాణాల మీటలు వచ్చి కూర్చున్నాయి. దాన్నే అందరూ అనుసరించారు. మౌస్ ఇంకాస్త పక్కకి జరిగింది. మన భుజాన్ని ఎవరూ అడగలేదు. ఇంకో మాట, ఎంగెల్‌బార్ట్‌కి మౌస్ మీద రాయల్టీ ఒక్క రూపాయి కూడా రాలేదు. మా వ్యాపారంలో అట్లాంటివి మామూలే. (నవ్వులు)

కాబట్టి డబ్బు ఖర్చు పెట్టే ముందు రేపు ఆఫీసుకెళ్లి ఇది చేయండి. నంబర్ ప్యాడ్ వాడనివాళ్లు అది లేని చిన్న కీబోర్డ్ తెచ్చుకోండి. చాలామందికి అంతటితో సగం బాధ తీరిపోతుంది. నంబర్ ప్యాడ్ లేకపోతే బతకలేని అకౌంటెంట్లున్నారు, వాళ్ల సంగతి తర్వాత చెప్తాను. మౌస్ కీబోర్డ్‌కి ఆనుకుని, అదే ఎత్తులో ఉండాలి. కొన్ని పాత టేబుళ్లలో కీబోర్డ్‌కి కింద లాగే పలక ఉంటుంది, మౌస్‌కి అందులో చోటుండదు, పైన పెడతారు. కీబోర్డ్ ఒళ్లో, మౌస్ ఛాతీ ఎత్తులో. అంతకన్నా చెడ్డ ఏర్పాటు నేను చూడలేదు. ఆ పలకలో రెండూ పట్టకపోతే రెంటినీ పైకి తెచ్చేయండి.

పైకి తెస్తే ఎత్తు సమస్య వస్తుంది. మన ఆఫీసు టేబుళ్లు దాదాపు 75 సెంటీమీటర్ల ఎత్తుంటాయి. అయిదడుగులు, అయిదడుగుల రెండంగుళాలు ఉన్న అక్కలకి ఆ ఎత్తు చాలా ఎక్కువ. భుజాలు పైకెత్తి పనిచేస్తారు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. టేబుల్ కాళ్లు కోయలేం కదా, కుర్చీని పైకి లేపండి. మోచేయి టేబుల్ ఎత్తుకి రావాలి. అప్పుడు పాదాలు గాల్లో వేలాడతాయి, వాటి కింద ఇంట్లో ఉన్న పీట వేసుకోండి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాళ్లు కింద గట్టి దిండు వేసుకోండి.

సరే, ఇవన్నీ చేశారు. అయినా నొప్పి ఉంది. అప్పుడు మౌస్ గురించి ఆలోచించాలి. కానీ దానికి ముందు ఎక్కడ నొప్పి అన్నది చూడండి.

మణికట్టు లోపల ఎముకలకీ పైన ఉండే అడ్డపట్టీకీ మధ్య ఒక ఇరుకు దారి ఉంది. అందులోంచి వేళ్లని మడిచే తొమ్మిది స్నాయువులు, ఒక నరం వెళ్తాయి. ఆ దారిలో వాపు వచ్చి నరం నలిగితే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెనవేలికి ఏమీ కాదు. రాత్రిపూట ఎక్కువవుతుంది, నిద్రలో లేచి చెయ్యి విదిలించుకుంటారు. దీన్నే కార్పల్ టన్నెల్ అంటారు. ఇట్లా ఉన్నవాళ్లు నా షాపుకి రాకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకి, గర్భిణులకి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. వాటిని వదిలేసి మౌస్ మార్చుకుంటూ కూర్చుంటే బొటనవేలి కింది కండ కరిగిపోయేదాకా తెలియదు. నిలువు మౌస్, అంటే షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పక్కనుంచి పట్టుకునే మౌస్, పట్టుకుంటే ఆ దారిలో ఒత్తిడి తగ్గిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. రోగుల చేతుల్లో కొలిచి చూశారు. మణికట్టు వంపు మారింది గానీ లోపలి ఒత్తిడి తగ్గలేదు.

అట్లాగని నిలువు మౌస్ దండగ అనట్లేదు. దాని ఉపయోగం వేరే చోట ఉంది. మీ కుడి అరచేతిని టేబుల్ మీద బోర్లా పెట్టండి. ఎడమచేత్తో ముంజేతిని పట్టుకోండి. ఇప్పుడు చేతిని నెమ్మదిగా తిప్పి, ఎవరికో షేక్‌హ్యాండ్ ఇవ్వబోతున్నట్టు పెట్టండి. చూశారా, లోపల ఏదో సర్దుకున్నట్టు అనిపించింది కదా? ముంజేతిలో రెండు ఎముకలు ఉంటాయి. అరచెయ్యి బోర్లా ఉన్నంతసేపూ అవి ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి ఉంటాయి, వాటిని అట్లా పట్టి ఉంచడానికి కండరాలు పనిచేస్తూనే ఉండాలి. షేక్‌హ్యాండ్ భంగిమలో అవి పక్కపక్కన వచ్చేస్తాయి. ముంజేయి పైభాగంలో, మోచేయి దగ్గర లాగుడు ఉన్నవాళ్లకి నిలువు మౌస్ హాయిగా ఉండేది ఇందుకే. వేళ్ల తిమ్మిరికి కాదు, ముంజేతి అలసటకి.

నిలువు మౌస్‌లో కష్టాలూ చెప్పాలి, లేకపోతే మీరు నన్నే తిడతారు. బటన్ పైనుంచి కాకుండా పక్కనుంచి నొక్కుతాం కాబట్టి, గట్టిగా నొక్కితే మౌస్ మొత్తం పక్కకి జరిగి కర్సర్ గురి తప్పుతుంది. అందుకే అటువైపు బొటనవేలు ఆపుతూ ఉండాలి. ఎత్తుగా ఉంటుంది, కీబోర్డ్ మీంచి చెయ్యి తెచ్చేటప్పుడు తగిలి పడిపోతుంది. చిటికెనవేలి పక్కభాగం టేబుల్‌కి రాసుకుంటుంది. మొదటి వారం విసుగు వస్తుంది, రెండో వారానికి చెయ్యి అలవాటుపడుతుంది. ఆ మొదటి వారంలో జీఎస్టీ రిటర్నుల గడువు ఉందనుకోండి, మౌస్ మార్చే వారం అది కాదు.

ఇక చేతి కొలత. ఇది ఎవరూ చేయరు. చెప్పులకి కాలి సైజు చెప్తాం, మౌస్‌కి చేతి సైజు చెప్పం. స్కేలు తీసుకుని మణికట్టు దగ్గర మొదటి మడత నుంచి మధ్యవేలి కొస దాకా కొలవండి. 17 సెంటీమీటర్లు, 17న్నర దాకా ఉంటే చిన్నచెయ్యి. 19 దాటితే పెద్దది. లాజిటెక్ వాళ్ల ఎమ్‌ఎక్స్ మాస్టర్ 3ఎస్ అని అందరూ అడిగే మౌస్ ఉంది. మంచి మౌస్, నేను కాదనను. కానీ అది 12న్నర సెంటీమీటర్ల పొడవు, 141 గ్రాముల బరువు. చిన్నచెయ్యి ఉన్నవాళ్లు దాన్ని పట్టుకుంటే చక్రం అందుకోవడానికి చెయ్యి ముందుకి జరపాలి, బొటనవేలి దగ్గరి చక్రానికి మళ్లీ వెనక్కి జరపాలి. రోజంతా ఈ జరుపుడే. పైగా అది కుడిచేతివాళ్లకి మాత్రమే. నిలువు మౌస్‌లలో అదే కంపెనీ లిఫ్ట్ అని ఒకటి చేసింది, 2022లో వచ్చింది. చిన్న, మధ్యరకం చేతులకి, అంటే 19 సెంటీమీటర్ల లోపు వాళ్లకి. ఎడమచేతి వాళ్లకి కూడా వేరేగా దొరుకుతుంది. పెద్దచేతుల వాళ్లకి ఎమ్‌ఎక్స్ వర్టికల్ అని ఉంది. రెండూ 57 డిగ్రీల వాలు. ఈ పేర్లు చెప్పాను కాబట్టి వీటినే కొనాలని కాదు. వెయ్యి రూపాయల దగ్గర కూడా నిలువు మౌస్‌లు ఉన్నాయి. నిలువు మీకు పడుతుందో లేదో తేల్చుకోవడానికి ముందు అట్లాంటిది కొని నెలరోజులు వాడండి. పడితే అప్పుడు మంచిది కొనుక్కోండి.

మీరు మౌస్ ఎట్లా పట్టుకుంటారో మీకు తెలుసా? మీ పాత మౌస్ చెప్తుంది. రిపేర్‌కి వచ్చిన మౌస్‌ని చూడగానే నేను మొదట చూసేది అరుగుడు. వెనక వీపుభాగం మెరిసిపోయి ఉంటే అరచెయ్యి మొత్తం వాల్చి పట్టుకునే మనిషి. వాళ్లకి వెనక ఎత్తుగా ఉన్న పెద్ద మౌస్ కావాలి. బటన్ల ముందు కొసలు మాత్రమే అరిగి, వెనకభాగం కొత్తగా ఉంటే వేలి కొసలతో తిప్పే మనిషి. వాళ్లకి పెద్ద బరువైన మౌస్ ఇస్తే శిక్షే. ఇంటికెళ్లి మీ మౌస్‌ని వెలుతురులో పెట్టి చూడండి.

ఇప్పుడు ఎవరి పనికి ఏది అన్నది. అందరికీ ఒకటే చెప్పడం కుదరదు.

ట్యాలీ వాడే అకౌంటెంట్లు ఉన్నారు కదా, చేతులెత్తండి. అబ్బో, సగంమంది. మీకు మౌస్‌తో నిజానికి పనే తక్కువ. ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్, ఇవన్నీ మీకు నాకన్నా బాగా తెలుసు. కుడిచెయ్యి నంబర్ ప్యాడ్ మీదే ఉండాలి. అట్లాంటప్పుడు మౌస్‌ని కుడివైపు ఎందుకు పెట్టుకుంటారు? ఎడమవైపుకి మార్చండి. ఎడమవైపు కీబోర్డ్ అక్షరాల దగ్గరే అయిపోతుంది, చెయ్యి చాపాల్సిన పనే లేదు. కుడిచెయ్యి నంబర్లు కొడుతుంది, ఎడమచెయ్యి మౌస్ తిప్పుతుంది. రెండు చేతులకీ పని పంచడం 1968లోనే చూపించారని ఇందాక చెప్పాను. మొదట్లో చిన్నపిల్లాడి రాతలాగా ఉంటుంది, ట్యాలీ, ఎక్సెల్ పనికి అంతకన్నా నైపుణ్యం అక్కర్లేదు. దీనికి ప్రత్యేకమైన మౌస్ కూడా వద్దు, రెండువైపులా ఒకే ఆకారంలో ఉండే అయిదువందల రూపాయల వైర్‌లెస్ మౌస్ చాలు. ఎక్సెల్‌లో పెద్దపెద్ద షీట్లు అటూ ఇటూ జరిపేవాళ్లకి మాత్రం పక్కకి తిప్పే చక్రం ఉన్న మౌస్ నిజంగా పనికొస్తుంది. కింద అడ్డపట్టీని పట్టుకుని లాగే బాధ పోతుంది.

సచివాలయం డిజిటల్ అసిస్టెంట్లు. 2019 అక్టోబర్ 2న సచివాలయాలు మొదలయ్యేదాకా ఊళ్లల్లో ఇంత కంప్యూటర్ పని ఎప్పుడూ లేదు. మీ పని అంతా ఫారాలు నింపడం, కింద జారే జాబితాలో ఒకటి ఎంచుకోవడం, ఓకే కొట్టడం. దూరం తక్కువ, క్లిక్‌లు ఎక్కువ. కాబట్టి మీరు చూడాల్సింది బటన్ ఎంత తేలిగ్గా నొక్కుకుపోతుందన్నది. చప్పుడు చేయని బటన్లని ఒక రకం వస్తున్నాయి, అవి కాస్త మెత్తగా ఉంటాయి. ఫారంలో ఒక గడి నుంచి ఇంకో గడికి ట్యాబ్ మీటతో వెళ్లండి, జాబితా తెరుచుకున్నాక మొదటి అక్షరం కొట్టండి. ఇది చేస్తే మౌస్ మీద చెయ్యి పడేది సగానికి తగ్గుతుంది.

అన్నిటికన్నా మౌస్‌ని గట్టిగా వాడేవాళ్లు ధర్మవరం నుంచి వచ్చారు. పట్టుచీరల డిజైన్ గ్రాఫ్ వేసే తమ్ముళ్లు. ఒక్కో గడికి ఒక్కో చుక్క. కొంగు మీద ఒక నెమలి వేయాలంటే ఎన్ని చుక్కలో మీకే తెలుసు. ఈ పనికి నిలువు మౌస్ పనికిరాదు, గురి తప్పుతుంది. బొటనవేలితో బంతి తిప్పే ట్రాక్‌బాల్ అసలే వద్దు. మీకు కావాల్సింది తేలికైన, చప్పటి, చిన్న మౌస్. దాంతోపాటు రెండు చిట్కాలు. ఒకటి, విండోస్‌లో క్లిక్‌లాక్ అని ఉంది, మౌస్ ప్రాపర్టీస్‌లో బటన్స్ కింద. అది ఆన్ చేస్తే ఒకసారి కాసేపు నొక్కి వదిలితే చాలు, లాగుతున్నంతసేపూ వేలు నొక్కి పట్టుకోనక్కర్లేదు. వేలికి పెద్ద విశ్రాంతి. రెండోది, రోజులో కొంతభాగం పెన్ ట్యాబ్లెట్ మీద, అంటే కంప్యూటర్‌కి తగిలించి పెన్నుతో గీసే పలక మీద, చేయండి. పెన్ను పట్టుకునే కండరాలు వేరు. పని అంతే అవుతుంది, బరువు ఒకే చోట పడదు. ఇదే మాట ఫొటోషాప్, కోరెల్‌డ్రాలో ఫ్లెక్సీలు చేసే డీటీపీ వాళ్లకి కూడా. తలకాయలు కత్తిరించడానికి మౌస్ కన్నా పెన్ను మేలు.

ట్రాక్‌బాల్ ఎవరికి? చోటు లేనివాళ్లకి. షాపు కౌంటర్ మీద బిల్లింగ్ మెషిన్, వెయింగ్ మెషిన్, దేవుడి పటం, అగరొత్తుల స్టాండు అన్నీ పోగా అరచేతి చోటు మిగిలినవాళ్లకి. మౌస్ కదలదు, బంతి మాత్రం తిరుగుతుంది. భుజం నొప్పి ఉన్నవాళ్లకి బాగుంటుంది. బొటనవేలి మొదట్లో నొప్పి ఉన్నవాళ్లకి మాత్రం వద్దు. మన దుమ్ముకి వారానికోసారి బంతి తీసి, అది కూర్చునే మూడు చిన్న గుబ్బల దగ్గర చేరిన మురికి తుడవాలి. అది చేయని మనిషికి నేను ట్రాక్‌బాల్ అమ్మను.

బెంగళూరు కంపెనీలకి ఇక్కడి నుంచి పనిచేసే పిల్లలున్నారు. మీకు కంపెనీ ల్యాప్‌టాప్ ఒకటి, సొంతది ఒకటి. రెండుమూడు కంప్యూటర్లకి ఒకే మౌస్ కలిపి, కింద బటన్ నొక్కి మార్చుకునే రకం మీకు సుఖం. కానీ ఒక సంగతి కొనే ముందే తెలుసుకోండి. ఖరీదైన మౌస్‌ల బటన్లకి మనకి నచ్చిన పనులు పెట్టుకోవాలంటే వాటి సాఫ్ట్‌వేర్ ఉండాలి. కంపెనీ ల్యాప్‌టాప్‌లో బయటి సాఫ్ట్‌వేర్ వేయనివ్వరు. మీ ఐటీ వాళ్లని ముందే అడగండి. వాళ్లు కాదంటే మీరు పెట్టే డబ్బులో సగం ఆ మూతపడ్డ బటన్లకే పోతుంది.

వైర్‌లెస్ గురించి మూడు నాలుగు మాటలు. మౌస్ ఆగి ఆగి కదులుతోందని తెస్తారు. నా బెంచి మీద పెడితే బాగానే ఉంటుంది. ఎందుకంటే మౌస్ సిగ్నల్ అందుకునే చిన్న ముక్క, అంటే రిసీవర్, వాళ్ల సీపీయూ వెనకాల, టేబుల్ కింద, గోడవైపు ఉంటుంది. రేకు డబ్బా అడ్డం. పైగా దాని పక్కనే నీలిరంగు యూఎస్‌బీ పోర్టులో హార్డ్‌డిస్క్ గుచ్చి ఉంటుంది. ఆ యూఎస్‌బీ 3 పోర్టు పనిచేసేటప్పుడు పుట్టే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది. మౌస్ మాట్లాడేదీ అక్కడే, వైఫై కూడా అక్కడే. వందో నూటయాభయ్యో పెట్టి యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కొని, రిసీవర్‌ని టేబుల్ మీద మౌస్ పక్కన పెట్టండి. తొంభైపాళ్లు రోగం కుదురుతుంది. బ్లూటూత్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే బ్లూటూత్ మౌస్ తీసుకోండి, రిసీవర్ పోగొట్టుకునే భయం ఉండదు. చవక మౌస్‌ల రిసీవర్ పోతే విడిగా దొరకదు, మౌస్ చెత్తబుట్టకే.

అద్దం టేబుళ్లు. మన ఆఫీసుల్లో టేబుల్ మీద అద్దం, అద్దం కింద వెంకటేశ్వరస్వామి, క్యాలెండర్, పిల్లల ఫొటోలు. మౌస్ కింద ఉండే సెన్సర్ ఉపరితలాన్ని సెకనుకి వేలసార్లు ఫొటో తీసి, ఫొటోకీ ఫొటోకీ తేడా చూసి కదలిక లెక్కేస్తుంది. అద్దంలో దానికి గరుకు కనపడదు, కర్సర్ గంతులేస్తుంది. అద్దం మీద పనిచేసే సెన్సర్లు ఉన్నాయి, అద్దం కనీసం 4 మిల్లీమీటర్ల మందం ఉండాలంటారు, ధర కూడా అట్లాగే ఉంటుంది. దానికన్నా యాభై రూపాయల మౌస్‌ప్యాడ్ కొనండి. న్యూస్‌పేపర్ మడిచి వేయకండి, అది జారుతూ ఉంటుంది, దాన్ని పట్టి ఉంచడానికి మణికట్టుని టేబుల్‌కి అదిమి పెడతారు. మణికట్టు కింద మెత్తటి జెల్ దిండు ఉన్న ప్యాడ్‌లు కూడా నాకు నచ్చవు. మణికట్టుని ఆనించడం కాదు, అరచేతి మడమని ఆనించాలి. కదిలేటప్పుడు అదీ ఆనకూడదు.

డీపీఐ, అంటే మౌస్ ఎంత కదిలితే కర్సర్ ఎంత జరుగుతుందో చెప్పే అంకె. డబ్బా మీద 8000 అని పెద్దక్షరాలతో వేస్తారు. ఆఫీసు పనికి 800 నుంచి 1600 చాలు. ఎక్కువ పెడితే మౌస్ కొంచెం కదిలినా కర్సర్ అవతలికి పోతుంది, దాన్ని ఆపడానికి వేళ్లు బిగపట్టుకుంటారు. మరీ తక్కువ పెడితే మౌస్‌ని ఎత్తి ఎత్తి పెడుతూ ఉండాలి. మీ స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లడానికి మౌస్‌ని ఎత్తకుండా సరిపోయే వేగం చూసుకోండి, అంతే.

సెల్లుల సంగతి. లోపలే బ్యాటరీ ఉండి ఛార్జ్ చేసేది మంచిదా, పెన్సిల్ సెల్ వేసేది మంచిదా అని అడుగుతారు. నేను పెన్సిల్ సెల్ వైపే. ఒక్క సెల్‌తో ఏడాది పైనే వచ్చేవి ఉన్నాయి, అయిపోతే కిరాణా కొట్టులో దొరుకుతుంది. లోపలి బ్యాటరీ నాలుగయిదేళ్లకి ముసలిదైతే మార్చడం కష్టం. అయితే వేసవి సెలవులకి ఆఫీసు మూసేటప్పుడు సెల్ తీసేయండి, లోపల కారి స్ప్రింగ్ తినేస్తుంది. ఇంకోటి, పైన మెత్తటి రబ్బరు పూత ఉన్న మౌస్‌లు. కొత్తలో ముద్దుగా ఉంటాయి. మన ఎండలకి, చెమటకి రెండుమూడేళ్లలో జిగురుగా తయారవుతాయి. అట్లా అయినదాన్ని స్పిరిట్‌తో గట్టిగా తుడిస్తే పూత పోయి మామూలు ప్లాస్టిక్ మిగులుతుంది, వాడుకోవచ్చు. కొత్తది కొనేటప్పుడు గట్టి ప్లాస్టిక్‌దే తీసుకోండి.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

(సభలో నుంచి ఒక మహిళ: సార్, నాది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. చిన్నప్పటి నుంచి కుడిచేత్తోనే మౌస్ తిప్పుతున్నా. ఇప్పుడు మార్చుకోవాలా?)

నొప్పి లేకపోతే మార్చుకోవద్దమ్మా. నిజానికి మీకు అదృష్టం కలిసొచ్చింది. ఎడమచేత్తో రాసుకుంటూ, కుడిచేత్తో మౌస్ తిప్పొచ్చు, కాగితం చూసి ఎంటర్ చేసే పనికి ఇది చాలా మేలు. నొప్పి మొదలైతే మాత్రం రెండు చేతులకీ సరిపోయే మౌస్ ఒకటి పెట్టుకుని, పూటకో చెయ్యి మార్చండి. విండోస్‌లో కుడి ఎడమ బటన్లు తారుమారు చేసే సెట్టింగ్ ఉంది. కానీ మీ సీట్లో ఇంకొకరు కూర్చుంటారంటే దాన్ని మార్చకండి, మీరు లేనప్పుడు నాకు ఫోన్ చేస్తారు, "అన్నా, కంప్యూటర్‌కి వైరస్ వచ్చింది" అని. (నవ్వులు)

(ఒక యువకుడు: అన్నా, ఆన్‌లైన్‌లో వెయ్యి తక్కువకి వస్తుంది కదా. మీ దగ్గర ఎందుకు కొనాలి?)

ఈ ప్రశ్న వస్తుందనే చూస్తున్నా. ఆన్‌లైన్‌లోనే కొనుక్కో తమ్ముడూ, కోపం లేదు. కానీ ముందు ఎక్కడైనా దాని మీద చెయ్యి పెట్టి చూడు. నా షాపే కానక్కర్లేదు, స్నేహితుడి ఆఫీసులోనైనా సరే. ఒక్క నిమిషం పట్టుకుంటే ప్రతి మౌస్ బాగానే ఉంటుంది. కనీసం పావుగంట ఏదైనా నిజమైన పని చెయ్యి, నీ సొంత ఎక్సెల్ షీటో, ఫారమో. పావుగంట తర్వాత బొటనవేలు ఎక్కడ ఆనాలో వెతుక్కుంటూ ఉంటే అది నీ మౌస్ కాదు. తిరిగి ఇచ్చే గడువు ఎన్ని రోజులో చదువుకుని ఆర్డర్ పెట్టు. కొన్నాళ్లకి ఒకసారి నొక్కితే రెండుసార్లు పడే జబ్బు మొదలవుతుంది, లోపల స్విచ్‌లో ఉండే సన్నటి రేకు అరిగి. అప్పుడు వారంటీ కావాలి, బిల్లు దాచుకో. వారంటీ అయిపోయాక నా దగ్గరికి తీసుకురా, స్విచ్ మార్చి ఇస్తాను. దానికి ఆన్‌లైన్ వాళ్లు రారు.

ఆ కిటికీ దగ్గర టేబుల్ మీద ఏడెనిమిది రకాల మౌస్‌లు, రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టించాను. అమ్మకానికి కాదు. స్కేలు కూడా అక్కడే ఉంది, ముందు చెయ్యి కొలుచుకుని తర్వాత మౌస్ ముట్టుకోండి. ధర్మవరం తమ్ముళ్లు బస్సుకి వెళ్లాలంట, ముందు వాళ్లకి దారి ఇవ్వండి.